ఏసీ30: నాలుగు చిన్న వాల్వులు మోసిన పెద్ద బరువు

వాక్స్ ఏసీ30 అనే గిటార్ ఆంప్లిఫయర్ వెనక చెక్క విప్పి మొదటిసారి లోపలికి చూసినవాళ్ళకి అనుమానం రావడం సహజం. పెట్టె బరువు సుమారు 30 కిలోలు. ముందువైపు రెండు 12 అంగుళాల స్పీకర్లు. వాల్యూమ్ సగం తిప్పితే కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఇంతా చేసి ఆ మోతంతా పుట్టేది బొటనవేలంత గాజు వాల్వులు, అంటే సిగ్నల్‌ని పెంచే పాతకాలపు గాజు గొట్టాలు, నాలుగింటిలోంచి. వాటి పేరు ఈఎల్84. గిటార్ కోసం తయారైన వాల్వు కాదది. ఆ కాలపు రేడియోల్లో, రేడియోగ్రాముల్లో ఒకటో రెండో ఉండేవి. హాల్లో కూర్చున్న ఇంటిల్లిపాదికీ వార్తలూ పాటలూ వినిపించడం దాని ఉద్యోగం.

1960ల బ్రిటిష్ బీట్ సంగీతం పేరెత్తితే ఈ ఆంప్లిఫయర్ పేరు వస్తుంది. దాని వెనకే మూడు మంత్రాలు కూడా వస్తాయి: క్లాస్ ఏ, టాప్ బూస్ట్, నీలి స్పీకర్లు. ఆంప్లిఫయర్లు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ వీటిని జపిస్తూనే ఉంటారు. మూడింటిలోనూ కొంత నిజముంది, కొంత ప్రచారముంది. అసలు సంగతి ఏమిటంటే, ఆ నాలుగు వాల్వుల చేత వాటి తాహతుకు మించి పని చేయించారు. ఆ శబ్దం అంత బాగుండడానికీ, ఆ పెట్టెలు తరచుగా కాలిపోవడానికీ మూలం ఒక్కటే. అది అర్థమైతే పాత ఏసీ30ని బాగుచేసేటప్పుడు దేన్ని మార్చాలో, దేని జోలికి పోకూడదో దానంతటదే తేలుతుంది.

అమెరికా సరుకు దొరకని కాలం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ దగ్గర డాలర్లకు కటకట. అందుకని 1951 నుంచి 1959 దాకా అమెరికా వాద్యాల దిగుమతి మీద ఆంక్షలు పెట్టారు. రాక్ అండ్ రోల్ రికార్డులు వింటూ పెరిగిన కుర్రాళ్ళకు ఆ రికార్డుల్లో మోగే ఫెండర్, గిబ్సన్ గిటార్లు బొమ్మల్లో చూడాల్సిందే. ఆ ఖాళీలోకి యూరప్ సరుకు వచ్చింది. లండన్‌లోని సెల్మర్ కంపెనీ పశ్చిమ జర్మనీ నుంచి హాఫ్‌నర్లను, చెకోస్లొవేకియాలో తయారైన గిటార్లను ఫ్యూచురామా పేరుతో తెచ్చి అమ్మింది. హాంబర్గ్ రోజుల్లో జార్జ్ హారిసన్ వాయించింది ఫ్యూచురామానే. 1959లో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ అమెరికా నుంచి ఒక ఎర్ర ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ తెప్పించి తన బృందంలోని గిటారిస్టు హ్యాంక్ మార్విన్ చేతిలో పెట్టాడు. ఒక్క గిటార్ రావడమే అక్కడ అంత పెద్ద వార్త.

ఆంప్లిఫయర్ల విషయంలో స్థానికులకు ఇంకా మంచి అవకాశం దొరికింది. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు అన్నీ ఇంగ్లండ్‌లోనే తయారయ్యేవి. కెంట్ కౌంటీలోని డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ అనే ఆయన ఎలక్ట్రానిక్ ఆర్గన్ల వ్యాపారం నడిపేవాడు. యుద్ధకాలంలో ఆయనతో పాటు ఆయుధ కర్మాగారంలో పనిచేసిన డిక్ డెన్నీ గిటారిస్టు, రేడియో పని తెలిసినవాడు. డెన్నీ గీసిన డిజైన్‌తో 1958లో జెన్నింగ్స్ కంపెనీ వాక్స్ పేరు మీద ఏసీ15 విడుదల చేసింది: రెండు ఈఎల్84లు, ఒక 12 అంగుళాల స్పీకర్, 15 వాట్లు. మార్విన్ వాయించే షాడోస్ బృందం పెద్ద హాళ్ళలో వాయించడం మొదలయ్యాక అది చాలలేదు. 1959 చివరికల్లా ఏసీ30 వచ్చింది. వాల్వులు రెండు కాస్తా నాలుగయ్యాయి. ఏసీ కరెంటుని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వుగా ఈజెడ్81 స్థానంలో జీజెడ్34 కూర్చుంది. ఆ వెంటనే స్పీకర్లు కూడా రెండు చేశారు. మోటుగా చెప్పాలంటే రెండు ఏసీ15లను ఒకే పెట్టెలో కుక్కారు.

ఇదే కాలంలో, 1962లో, పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ దుకాణం వాళ్ళు వేరే దారి పట్టారు. అమెరికన్ ఆంప్లిఫయర్ ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ని దాదాపు ఉన్నదున్నట్టు దించి, అందులో మొదట 5881, తర్వాత కేటీ66 లాంటి పెద్ద వాల్వులు పెట్టి జేటీఎం45 తయారుచేశారు. బ్రిటిష్ సౌండ్ అంటూ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు గానీ, మార్షల్ వంశవృక్షం అమెరికాలో మొదలవుతుంది. ఏసీ30ది రేడియోల, ఆర్గన్ల వంశం.

క్లాస్ ఏ అన్న మాటను లెక్కలో పెట్టి చూద్దాం

ఏసీ30 ప్రకటనల్లోనూ, దాని పేరు చెప్పుకుని తయారైన ఆధునిక ఆంప్లిఫయర్ల మీదా క్లాస్ ఏ అని కనిపిస్తుంది. క్లాస్ ఏ అంటే సిగ్నల్ ఎంత పెద్దదైనా ప్రతి వాల్వులోనూ కరెంటు ఒక్క క్షణం కూడా ఆగకుండా పారుతూ ఉండాలి. క్లాస్ ఏబీలో అలా కాదు. ఒకే రోట్లో ఇద్దరు రెండు రోకళ్ళతో మార్చి మార్చి దంచినట్టు, చప్పుడు పెరిగేకొద్దీ ఒక జత వాల్వులు పనిచేస్తుంటే రెండో జత విశ్రాంతి తీసుకుంటుంది.

ఇప్పుడు లెక్క. వాల్వులో కేథోడ్ నుంచి బయల్దేరిన కరెంటు చేరే రేకుని ప్లేటు అంటారు. ఈఎల్84 ప్లేటు భరించగలిగే వేడి, తయారీదారులు ఇచ్చిన పరిమితి ప్రకారం, 12 వాట్లు. నాలుగింటికీ కలిపి 48. క్లాస్ ఏలో ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా బయటికి రాగల శక్తి, కాగితం మీద కూడా, అందులో సగానికి మించదు. అంటే 24 వాట్లు. నిజజీవితంలో ఇంకా తక్కువ. ఏసీ30 మాత్రం శుభ్రంగా 30 వాట్లు ఇస్తుంది, గట్టిగా తోస్తే అంతకన్నా ఎక్కువే. కాబట్టి పూర్తి వాల్యూమ్‌లో అది క్లాస్ ఏ అయ్యే వీలే లేదు. మెల్లగా వాయించినప్పుడు క్లాస్ ఏలాగే నడుస్తుంది, హెచ్చు దగ్గర ఏబీలోకి జారుతుంది.

మరి ఆ పేరు ఎందుకొచ్చింది? ఈ వాల్వులకు బయాస్ ఇచ్చే, అంటే సిగ్నల్ లేనప్పుడు ఎంత కరెంటు పారాలో నిర్ణయించే, పద్ధతి వల్ల. నాలుగు వాల్వుల కేథోడ్లూ కలిసి ఒకే ఒక్క 50 ఓమ్‌ల రెసిస్టర్ గుండా భూమికి చేరతాయి. వాల్వుల్లో పారే కరెంటే ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ పుట్టించి వాటికవే కళ్ళెం వేసుకుంటాయి. దీన్నే కేథోడ్ బయాస్ అంటారు. క్లాస్ ఏ ఆంప్లిఫయర్లలో ఇది మామూలు గనక, కేథోడ్ బయాస్ కనిపిస్తే చాలు క్లాస్ ఏ అనడం అలవాటైపోయింది. రెండూ వేరు వేరు సంగతులు.

ఆ రెసిస్టర్ దగ్గర మరికాసేపు ఆగాలి. ఏసీ30 ఆరోగ్యం మొత్తం అక్కడే తెలుస్తుంది. మీటర్ పెడితే దాని మీద సుమారు 10 వోల్టులు కనిపిస్తాయనుకుందాం. 10ని 50తో భాగిస్తే 200 మిల్లీ ఆంపులు. నాలుగు వాల్వులకు పంచితే తలా 50. అందులో స్క్రీన్ అనే లోపలి గ్రిడ్‌కి ఓ 5 పోగా ప్లేటు కరెంటు 45. ప్లేటుకీ కేథోడ్‌కీ మధ్య 310 వోల్టులు ఉన్నాయనుకుంటే, 310ని 0.045తో గుణిస్తే దాదాపు 14 వాట్లు. పరిమితి 12. వోల్టేజీకి కూడా తయారీదారు గీసిన గీత 300. అంటే ఎవరూ తీగ మీటకముందే, ఊరికే కూర్చున్నప్పుడే ఈ వాల్వులు గీత దాటి ఉన్నాయి. 1960లలో బ్లాక్‌బర్న్‌లో తయారైన ముల్లార్డ్ ఈఎల్84లు ఈ బాధను ఏళ్ళ తరబడి ఓర్చుకున్నాయి. ఇప్పటి కొత్త వాల్వులన్నిటికీ ఆ ఓర్పు లేదు.

ఇంకో చిక్కు. నాలుగింటికీ కళ్ళెం ఒకటే కదా. ఒక వాల్వు చచ్చిపోతే మొత్తం కరెంటు తగ్గుతుంది, రెసిస్టర్ మీద వోల్టేజీ పడిపోతుంది, మిగతా మూడింటి కళ్ళెం వదులవుతుంది, అవి మరింత వేడెక్కుతాయి. సౌండ్ కాస్త తగ్గిందంతేలే అని అలాగే కచేరీ ముగిస్తే, ఇంటికి వెళ్ళేలోపు రెండోది కూడా పోతుంది. అందుకే నాలుగూ ఒకేసారి, జోడు కలిపినవి కొనాలి. పాత మూడింటికి కొత్తదొకటి జతచేయడం పొదుపు కాదు. కొంతమంది మెకానిక్కులు 50 ఓమ్‌లు తీసేసి 62 లేదా 68 ఓమ్‌లు వేస్తారు. కరెంటు తగ్గి వాల్వులు ఎక్కువకాలం బతుకుతాయి, శబ్దంలో తేడా చాలామందికి తెలియదు. వాయించడానికి వాడే పెట్టె అయితే ఇది మంచి పని. పాత రెసిస్టర్‌ని మాత్రం ఒక కవర్లో వేసి పెట్టె లోపలే ఉంచాలి.

ఆ మెరుపు ఎక్కడిది

కంచు గ్లాసు అంచుని గోటితో మీటినట్టు వినిపించే ఏసీ30 పైస్థాయి మెరుపుకు ఒక్క భాగాన్ని కారణంగా చూపలేం. మూడు చెప్పాలి.

ఒకటి, లేనిదాని వల్ల వచ్చింది. ఫెండర్ బాస్‌మన్‌లోనూ మార్షల్‌లోనూ స్పీకర్ దగ్గరి సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి, ముందున్న దశకు వ్యతిరేకంగా కలుపుతారు. అదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. అది శబ్దాన్ని బిగించి, చదును చేస్తుంది. ఏసీ30 పవర్ విభాగంలో అది లేదు. దాంతో స్పీకర్ తన ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. దాని సహజ కంపనం దగ్గర బాస్ ఉబ్బుతుంది, పైస్థాయిలో స్పీకర్ అవరోధం పెరిగేకొద్దీ ట్రెబుల్ కూడా పెరుగుతుంది. శుభ్రమైన శబ్దం నుంచి చిరుగుడు (డిస్టార్షన్) శబ్దానికి మారేటప్పుడు కూడా గోడ తగిలినట్టు ఉండదు, మెట్లు దిగినట్టు ఉంటుంది. వేలి ఒత్తిడితోనే రెండింటి మధ్యా తిరగొచ్చు అని గిటారిస్టులు చెప్పేది దీని గురించే.

రెండు, స్పీకర్లు. సెలెస్టియన్ కంపెనీ వాక్స్ కోసం తయారుచేసిన టీ530, ఆల్నికో అయస్కాంతం, నీలిరంగు పూత. ఒక్కోటి 15 వాట్లు తట్టుకుంటుంది. రెండు కలిస్తే 30. ఆంప్లిఫయర్ కూడా 30. అంటే చేతిలో మిగులు సున్నా. వాల్యూమ్ చివరిదాకా తిప్పి సిగ్నల్ చిరిగేలా వాయిస్తే అవుట్‌పుట్ 30 దాటిపోతుంది, స్పీకర్ లోపలి తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, మాడుతుంది. అసలు కోన్లతో బతికున్న జత అరుదుగా దొరకడానికి ఇదే కారణం. పాత నీలి స్పీకర్లు మంచి స్థితిలో ఉంటే వాటిని తీసి విడిగా భద్రంగా దాచి, వాయించడానికి ఎక్కువ వాట్ల కొత్తవి బిగించుకోవడమే తెలివైన పని. అయితే మార్చేముందు వైరింగ్ చూడాలి. రెండు 15 ఓమ్‌లవి సమాంతరంగా కలిపితే సుమారు 8 ఓమ్‌లు. రెండు 8 ఓమ్‌లవి వరసగా కలిపితే 16. పాత పెట్టెల్లో 15 ఓమ్‌లవీ, 8 ఓమ్‌లవీ రెండూ కనిపిస్తాయి. స్పీకర్ల లెక్కా, ట్రాన్స్‌ఫార్మర్ వెనక ఎంచుకున్న లెక్కా ఒకటి కాకపోతే వాల్వులే బాధపడతాయి.

మూడు, కట్ అనే నాబ్. కొత్తవాళ్ళను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. మిగతా టోన్ నాబ్‌లకు భిన్నంగా దీన్ని కుడికి తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది. సిగ్నల్‌ని రెండుగా చీల్చే ఫేజ్ ఇన్వర్టర్ నుంచి రెండు జతల వాల్వులకు వెళ్ళే రెండు సిగ్నళ్ళు ఒకదానికొకటి ఎదురు. ఆ రెండు తీగల మధ్య ఒక చిన్న కెపాసిటర్‌నీ, పాట్‌నీ (నాబ్ తిప్పితే మారే రెసిస్టర్) పెట్టారు. కెపాసిటర్ పైస్థాయిని మాత్రమే పోనిస్తుంది గనక, ఎదురెదురు ట్రెబుళ్ళు అక్కడ కలుసుకుని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గది గోడలు గట్టివై శబ్దం చెవుల్లో గుచ్చుకుంటుంటే ముందు ముట్టుకోవాల్సింది ఈ నాబే, గిటార్ టోన్ కాదు.

టాప్ బూస్ట్ అసలు ఎందుకు పుట్టింది

మొదటి ఏసీ30లో నాలుగు ఇన్‌పుట్లు, రెండు ఛానళ్ళు. ఒక ఛానల్‌లో ఈఎఫ్86 అనే పెంటోడ్ (ఐదు ఎలక్ట్రోడ్ల వాల్వు) ఉండేది. దాని గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే శక్తి, ఎక్కువ, శబ్దం దట్టం. ఏసీ15లో దానికి పెద్ద ఇబ్బంది రాలేదు. అదే వాల్వుని రెండు స్పీకర్లు గజగజలాడించే పెట్టెలో పెట్టేసరికి లోపలి సన్నటి గ్రిడ్ తీగలు ఆ అదురుకు కదిలి, ఆ కదలికే సిగ్నల్‌గా మారి, గంట మోగినట్టు కూత పెట్టేవి. పెన్సిల్‌తో వాల్వుని తట్టి చూస్తే స్పీకర్లోంచి టంగుమని వినిపిస్తుంది. దీన్ని మైక్రోఫోనిక్ అంటారు. కొత్త ఈఎఫ్86 వేస్తే కొన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ అదే గోల. అందుకే ఆరు ఇన్‌పుట్లు, మూడు ఛానళ్ళ మోడల్ వచ్చేసరికి ఈఎఫ్86ని తీసేసి, అదురుకు తట్టుకునే ఈసీసీ83 ట్రయోడ్లు (మూడు ఎలక్ట్రోడ్ల వాల్వులు) పెట్టారు.

ఈ మార్పుతో కూత పోయింది, దాంతో పాటు గెయిన్ కూడా కొంత పోయింది. పైగా మామూలు ఛానళ్ళలో బాస్, ట్రెబుల్ నాబ్‌లే లేవు. పైస్థాయి ఇంకా కావాలని గిటారిస్టులు అడిగారు. 1961 ప్రాంతంలో డార్ట్‌ఫర్డ్ వాళ్ళు విడిగా ఒక చిన్న యూనిట్ తయారుచేశారు: ఇంకో ఈసీసీ83, దాని ఒక సగం గెయిన్ ఇస్తే రెండో సగం, గెయిన్ ఇవ్వకుండా సిగ్నల్‌కి బలం మాత్రమే ఇచ్చే కేథోడ్ ఫాలోయర్‌గా, బాస్, ట్రెబుల్ సర్క్యూట్‌ని నడుపుతుంది. దాన్ని వెనక చెక్కకు బిగించి, మూడు ఛానళ్ళలో బ్రిలియంట్ అనేదానికి కలిపేవారు. అదే టాప్ బూస్ట్. తర్వాత కొన్నేళ్ళకు ఆ రెండు నాబ్‌లూ ముందు ప్యానెల్ మీదికి వచ్చేశాయి.

వీటి ప్రవర్తన కూడా తెలిసుండాలి. బాస్, ట్రెబుల్ నాబ్‌లు దేని పని అది చూసుకునేవి కావు. ఒకటి కదిపితే రెండోదాని ప్రభావం మారుతుంది. బాస్ పెంచేకొద్దీ మధ్యస్థాయి గుంటపడుతుంది. అందుకే రెండింటినీ సగంలో పెట్టేసి ఇంకేం లేదు అనుకోకూడదు. బాస్ బాగా తగ్గించి, ట్రెబుల్‌ని మధ్యకు కాస్త పైన ఉంచి అక్కణ్ణుంచి వెతకడం మంచిది.

ఇంకో సంగతి. నార్మల్, ట్రెబుల్, బాస్ అని మూడు రకాల ఏసీ30లు అమ్మేవారు. బయటికి ఒకేలా ఉంటాయి, లోపలి కెపాసిటర్ విలువలు వేరు. బాస్ మోడల్ కొని, మెరుపు లేదేమిటని వాల్వుల మీద వాల్వులు మార్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెనక యూనిట్ ఉంది కాబట్టి ఫ్యాక్టరీ టాప్ బూస్ట్ అని అమ్మేవాళ్ళ మాట కూడా నమ్మడానికి లేదు. తర్వాత ఎవరో కోసి బిగించినవి చాలానే ఉన్నాయి. చెక్క కోత అంచులు, లోపలి వైర్ల రకం, టంకం చుక్కల తీరు చూస్తే తెలిసిపోతుంది.

1962లో బీటిల్స్ చేతికి వాక్స్ పెట్టెలు వచ్చాక ఏసీ30 కూడా చాలని రోజు త్వరగానే వచ్చింది. వాయించేవాళ్ళ చప్పుడు కన్నా అరిచేవాళ్ళ చప్పుడు ఎక్కువైంది. వాళ్ళ కోసం ఈఎల్34లతో ఏసీ50, ఏసీ100 తయారయ్యాయి. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల మందికి పైగా జనం ముందు ఆ 100 వాట్ల పెట్టెలు కూడా ఏ మూలకూ చాలలేదు.

ఇందులోకి గుచ్చిన గిటార్లు

వాటి మరమ్మతులో మూడు చోట్ల అందరూ తప్పటడుగు వేస్తారు కాబట్టి అప్పటి బ్రిటిష్ గిటార్ల గురించి క్లుప్తంగానైనా చెప్పక తప్పదు.

పేరున్నవాడు జిమ్ బర్న్స్. 1960లో ఎసెక్స్‌లో ఆయన కంపెనీ మొదలైంది. బైసన్, 1964లో హ్యాంక్ మార్విన్ పేరుతో వచ్చిన మార్విన్ మోడల్ ప్రసిద్ధమైనవి. 1965లో కంపెనీని అమెరికాకు చెందిన బాల్డ్విన్ కొనేసింది. ఆయన ట్రై-సోనిక్ పికప్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) ప్రత్యేకమైనది: లోపల తీగ చుట్టే చట్రం, అంటే బాబిన్, ఉండదు. సన్నటి రాగి తీగ చుట్టి, టేపు వేసి, లోహపు మూత కింద పెట్టేశారు. మైనంలో ముంచలేదు. అందుకే గట్టి ఆంప్లిఫయర్ ముందు అది కూడా మైక్రోఫోనిక్ అయి కూస్తుంది. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే సొంతంగా తయారుచేసుకున్న గిటార్‌లో ఇవే వాడి, ఈ కూత భరించలేక వాటిలో అరల్డైట్ జిగురు నింపాడు. చచ్చిన ట్రై-సోనిక్‌ని విప్పేముందు మీటర్ పెట్టాలి. 6 నుంచి 8 వేల ఓమ్‌ల మధ్య చూపిస్తే కాయిల్ బతికే ఉంది, తప్పు స్విచ్‌లోనో పాట్‌లోనో వెతకాలి. ఏమీ చూపించకపోతే సాధారణంగా తెగేది బయటికి వచ్చే కొస దగ్గరే. మూత ఊడబీకితే మాత్రం పట్టుకునే బాబిన్ లేదు గనక కాయిల్ ఉండ విడిపోయినట్టు విడిపోతుంది.

రెండోది స్క్రూలు. ఆ కాలపు బ్రిటిష్ గిటార్లలోనూ ఆంప్లిఫయర్లలోనూ చిన్న స్క్రూలు ఎక్కువగా బీఏ అనే పాత బ్రిటిష్ కొలతవి. 6బీఏ వ్యాసం 2.8 మిల్లీమీటర్లు, 4బీఏ 3.6. ఇప్పుడు బజారులో దొరికే ఎం3 స్క్రూ 6బీఏ రంధ్రంలో ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, ఆ తర్వాత బిగుసుకుపోతుంది. బలం ఉపయోగిస్తే మర కోసుకుపోతుంది, అరవై ఏళ్ళనాటి బ్రిడ్జి పాడవుతుంది. చేత్తో తిప్పితే పోని స్క్రూ దానిది కాదని అర్థం.

మూడోది జీరో ఫ్రెట్. చాలా బ్రిటిష్, యూరప్ గిటార్లకు నట్ (మెడ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీ) పక్కనే ఇంకో ఫ్రెట్ ఉంటుంది. తీగలు నిజంగా ఆనేది దాని మీద, నట్ కేవలం వాటిని పక్కకు జరగకుండా ఉంచుతుంది. ఖాళీ తీగ మీటినప్పుడు మాత్రమే జివ్వుమంటే ఆ ఫ్రెట్‌లో గాడి పడిందన్నమాట. నట్ మార్చినా, ఎత్తు పెంచినా ఫలితం ఉండదు. ఆ ఒక్క ఫ్రెట్ మార్చాలి. ఇంకా, ఆ గిటార్లు లావు తీగల కోసం తయారైనవి. చార్లీ వాట్కిన్స్ కంపెనీ వారి రేపియర్ లాంటి చవక గిటార్లకు ఇప్పటి సన్నటి 9 నంబరు సెట్ వేస్తే బ్రిడ్జి మీద ఒత్తిడి చాలక తీగలు గాడిలోంచి తప్పుకుంటాయి, మోత కూడా పలచబడుతుంది. 11 నంబరు సెట్ వేసి చూస్తే సగం రోగాలు కుదురుతాయి.

ఏళ్ళుగా మూలపడ్డ ఏసీ30ని లేపడం

ముందొక హెచ్చరిక. ఇందులో 300 వోల్టులకు పైన డీసీ ఉంటుంది, ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. 10 వేల ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ని ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో హెచ్‌టీ (ఆ ఎక్కువ వోల్టేజీ డీసీ) తీగకీ, ఛాసిస్ అనే లోహపు చట్రానికీ మధ్య పది సెకన్లు పెట్టి, మీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి. వాల్వు పరికరాల మీద ముందు పనిచేసి ఉండకపోతే, తెలిసినవాడి పక్కన నిలబడి చూడటంతో మొదలెట్టండి.

మొదట ప్లగ్గు. పాత బ్రిటిష్ వైర్లలో ఎరుపు లైవ్, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. ఇప్పటి వైర్లలో గోధుమరంగు, నీలం, పచ్చ-పసుపు. ముట్టుకోని పెట్టె దొరికితే దాని చివర గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు ఉండొచ్చు. మన ఇళ్ళ గోడలకున్న ప్లగ్గు ఆ పాత బ్రిటిష్ ప్రమాణం నుంచి వచ్చిందే. అందులో ఫ్యూజు ఉండదు, కాబట్టి పెట్టెలోని ఫ్యూజు సరైన విలువదో కాదో చూసుకోవాలి. హమ్ తగ్గుతుందని ఎర్త్ వైరు కోసేసిన పెట్టెలు బోలెడు. ఎర్త్ పిన్నుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక ఓమ్‌కి మించి చూపిస్తే అక్కడే ఆగిపోవాలి. గిటార్ తీగలు ఆ ఛాసిస్‌కే కలిసుంటాయి.

తర్వాత వోల్టేజీ సెలెక్టర్. దాని మీద 115, 160, 205, 225, 245 అని ఉంటాయి. మన 230 వోల్టులకైనా, ఇంగ్లండ్ ఇళ్ళల్లో వచ్చే 240కైనా 245 మీదే ఉంచాలి. 225లో వదిలేసి 240 ఇస్తే లోపల ప్రతి వోల్టేజీ దాదాపు 7 శాతం పెరుగుతుంది. ముందే పరిమితి దాటిన వాల్వుల మీద ఇది అదనపు భారం.

ఇప్పుడు వాల్వులన్నీ ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకుని పీకేసి, 100 వాట్ల పాతరకం సిరీస్ బల్బు ద్వారా కరెంటు ఇవ్వాలి. ఇళ్ళ వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే సిరీస్ బోర్డే చాలు. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే ట్రాన్స్‌ఫార్మర్ క్షేమం. నిండుగా వెలుగుతుంటే ఎక్కడో షార్ట్ ఉంది. వోల్టేజీని కొంచెం కొంచెంగా పెంచే వేరియాక్‌తో మెల్లగా పెంచి పాత కెపాసిటర్లను బతికిద్దామనే సలహా ఇక్కడ పెద్దగా పనిచేయదు. రెక్టిఫయర్ కూడా వాల్వే కదా, దాని ఫిలమెంటు వేడెక్కేదాకా ఏమీ రాదు, వేడెక్కాక ఒక్కసారిగా వస్తుంది.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మాత్రం తప్పకుండా మార్చాల్సినవే. అరవై ఏళ్ళలో అవి ఎండిపోతాయి. హమ్ ఎక్కువవడం, బాస్ మెత్తబడడం వాటి గుర్తులు. విలువలు మాత్రం అసలువాటికి దగ్గరగానే ఉండాలి. పెద్దవి వేస్తే హమ్ ఇంకా తగ్గుతుందని 100 మైక్రోఫారడ్లు బిగిస్తే, ఆన్ చేసిన ప్రతిసారీ జీజెడ్34 మీద దెబ్బ పడుతుంది. దాని మొదటి కెపాసిటర్‌కి తయారీదారు పెట్టిన పరిమితి 60 మైక్రోఫారడ్లు. 50 ఓమ్‌ల రెసిస్టర్ పక్కనున్న కేథోడ్ కెపాసిటర్‌ని కూడా మర్చిపోకూడదు. అది షార్ట్ అయితే నాలుగు వాల్వులకూ కళ్ళెం తెగినట్టే.

ఆ తర్వాత రెక్టిఫయర్‌నీ చిన్న వాల్వులనీ వేసి, ఈఎల్84లు లేకుండా ఆన్ చేసి, వాటి సాకెట్లలో 2వ పిన్ను దగ్గర డీసీ కొలవాలి. సున్నా ఉండాలి. అర వోల్టు కనిపించినా ఆ గ్రిడ్‌కు సిగ్నల్‌ని పంపి డీసీని ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోంది. ఆ కొంచెం పాజిటివ్ వోల్టేజీ చాలు, ప్లేటు ఎర్రబడడానికి. ఆవపిండి రంగు ముల్లార్డ్ కెపాసిటర్లు చాలావరకు ఇప్పటికీ గట్టిగానే ఉంటాయి, చెడనిదాన్ని మార్చకండి. కాగితం, మైనం రకానివి ఏవైనా కనిపిస్తే వాటినే ముందు అనుమానించాలి. లోడు లేదు గనక హెచ్‌టీ పెరిగి ఉంటుంది, ఈ పరీక్ష ఒకటి రెండు నిమిషాల్లో ముగించాలి.

చివరగా స్పీకర్ కలిపి, ఆ తర్వాతే ఈఎల్84లు. స్పీకర్ లేకుండా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగసి ఇన్సులేషన్ పగులుతుంది, దానికి మందు లేదు. సిరీస్ బల్బు తీసేసి, 3వ పిన్ను దగ్గర కేథోడ్ వోల్టేజీ చూసి, పైన చెప్పిన లెక్క వేయాలి. గదిలో లైటు ఆర్పి పది నిమిషాలు చూడాలి. ఫిలమెంటు నారింజ వెలుగు మామూలే. బూడిదరంగు ప్లేటు పక్కన మసక ఎరుపు మచ్చ కనిపిస్తే వెంటనే ఆపాలి. నాలుగింటిలో ఒక్కటే ఎర్రబడితే దాన్ని పక్క సాకెట్లోకి మార్చి చూడాలి. మచ్చ వాల్వుతో పాటు వెళ్తే తప్పు వాల్వుది, అదే సాకెట్లో కొత్తదానికీ వస్తే ఆ సాకెట్ చుట్టూ ఉన్న భాగాలది.

అమ్మేవాళ్ళు అసలు వాల్వులే అంటే, గాజు మీద అడుగున లేత బూడిద అక్షరాలు చూడండి. బ్లాక్‌బర్న్‌లో తయారైన ముల్లార్డ్ వాల్వుకు రెండో వరసలో బి అక్షరం ఫ్యాక్టరీది, తర్వాతి అంకె సంవత్సరంలో చివరిది, ఆ పక్క అక్షరం నెల, చివరి అంకె వారం. బి, 2, కె, 4 అని ఉంటే నవంబర్ నాలుగో వారం. ఆ 2 మాత్రం 1962దీ కావచ్చు, 1972దీ కావచ్చు.